ఆన్‌లైన్‌లో ఇచ్చిన కుక్కపిల్ల

నేను పిరికిదాన్ని. ఈ మాట ముందే ఒప్పుకుంటే తర్వాత చెప్పేది సులువవుతుంది. ఉరుమంటే భయం, బల్లంటే భయం, వేళకాని వేళ ఫోను మోగితే భయం. అన్నిటికంటే పెద్ద భయం కుక్క. కామారెడ్డిలో మా ఇంటి నుంచి కూరగాయల అంగడికి దగ్గరి దారి ఉన్నా, ఆ దారిలో కుక్కలుంటాయని నేను స్టేషను వైపు నుంచి చుట్టూ తిరిగి వెళ్తాను. మా అత్తమ్మ నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ. నా చిన్నప్పుడు మా పక్కింటాయన కుక్క కరిచి చనిపోయాడు. గ్లాసులో నీళ్ళు చూపిస్తే ఆయన గొంతులోంచి వచ్చిన చప్పుడు నేను గోడ ఇవతల నిలబడి విన్నాను. ఏ కుక్కను చూసినా నాకు ముందు ఆ చప్పుడే గుర్తొస్తుంది.

అలాంటి దాన్ని పట్టుకుని కుక్కపిల్లలకు వెబ్‌సైటు చేసిపెట్టమంది మా చిన్నమ్మ. నేను చేసే పని అదే. ఇంట్లో కూర్చుని బట్టల దుకాణాలకు, ఫంక్షన్ హాళ్ళకు, ట్యూషన్ సెంటర్లకు వెబ్‌సైట్లు చేస్తాను. చిన్నమ్మ ఎల్లారెడ్డిలో ఉంటుంది. బడిలో టీచరుగా చేసి రిటైరైంది. పిల్లలు చుట్టూ లేక తోచక వీధి కుక్కలకు అన్నం పెట్టడం మొదలుపెట్టింది. పెట్టే చెయ్యి ఎక్కడుందో కుక్కలకు చెప్పాలా? చలికాలం వచ్చిందంటే ఏదో ఒక కుక్క ఆమె పెరట్లోనే పిల్లలు పెడుతుంది. ఆ పిల్లల్ని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ అంటగట్టలేక అలసిపోయి నాకు ఫోను చేసింది.

చదువు రానివాళ్ళు కూడా వాడేటట్టు ఉండాలనేది ఆమె పెట్టిన ఒకే ఒక షరతు. అది నాకు నచ్చింది. తెరమీద ఒకసారికి ఒకటే పిల్ల, పెద్ద ఫోటో. ఫోటో మీద వేలు పెడితే చిన్నమ్మ గొంతు వినిపిస్తుంది, ఇది ఆడదో మగదో, వయసెంతో, పాలు తాగుతోందో అన్నం తింటోందో చెబుతుంది. కింద ఆకుపచ్చ బొత్తాం, దాని మీద ‘ఈ పిల్ల నాకు కావాలి’. నొక్కితే ఫోను నంబరు అడుగుతుంది, ఓటీపీ వస్తుంది, అంతే. ఓటీపీ వచ్చిందంటే ఆ నంబరు ఆ మనిషిదే కదా, ఇంక అడ్రసులు, పిన్‌కోడ్లు ఎందుకు అనుకున్నాం ఇద్దరమూ.

మొదట మా అత్తమ్మ చేతికి ఇచ్చి చూశాను. మెనూ కోసం మూలన పెట్టిన మూడు గీతలు చూసి, “ఏమన్న తప్పు రాసి కొట్టేసినవా?” అంది. ఆ గీతలు తీసేశాను. ఆకుపచ్చ బొత్తాం మాత్రం ఎవరూ చెప్పకుండానే నొక్కింది. కుక్కపిల్ల ఇప్పుడు మన ఇంటికొస్తుందా అని అడిగేసరికి నాకు చెమటలు పట్టి, ఆ నమోదు అక్కడికక్కడే చెరిపేశాను.

ఫోటోలు తీయడానికి ఎల్లారెడ్డి వెళ్ళాను. వరండా గ్రిల్లు లోపల కూర్చుని, జూమ్ పెట్టి తీశాను. తల్లి కుక్క గోధుమరంగుది, ఒక చెవి చిరిగి ఉంది. మూడు పిల్లలు దాన్ని గుంజుకుని పాలు తాగుతుంటే అది నా వైపే చూస్తూ పడుకుంది. దీనికి సూది మందు వేయించావా అని అడిగాను. దొరికిన వాటన్నిటికీ వేయించిందట, ఇది మాత్రం కాన్పుకు ముందు ఎక్కణ్ణుంచో వచ్చిందట, ఇంకా చేతికి చిక్కడం లేదట. చిన్నమ్మ ఆ మాట తేలిగ్గా అంది. నేను గ్రిల్లు గడియ ఇంకోసారి చూసుకున్నాను.

లింకు వాట్సాప్ గ్రూపుల్లో పాకింది. పిల్లలు మూడూ కొద్ది రోజుల్లోనే వెళ్ళిపోయాయి. వచ్చినవాళ్ళు ఎంత పద్ధతిగల మనుషులో అని చిన్నమ్మ మురిసిపోయింది. పిలిచేదాకా గేటు బయటే నిలబడ్డారట. అడక్కుండానే ఆధార్ జిరాక్సు, పాస్‌పోర్టు ఫోటో చేతిలో పట్టుకుని వచ్చారట. కుక్కపిల్ల కోసం ఆధార్ ఎందుకు తెచ్చారో ఆమె అడగలేదు, విన్న నాకూ తట్టలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం చిన్నమ్మ ఫోను చేసింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి గొంతు తగ్గించి మాట్లాడింది. తల్లి కుక్క అన్నం ముట్టడం లేదు, కట్టెలు కొరుకుతోంది, నోరు వేలాడేసింది, నురగ కారుతోంది, అరుపు మారిపోయింది. పశువుల డాక్టరు వచ్చి గేటు బయటి నుంచే చూసి ఎవర్నీ లోపలికి పోవద్దన్నాడు. మర్నాడు అది చచ్చిపోయింది. పిచ్చి లేచిందనడంలో ఆయనకు అనుమానం లేదు. పాలు తాగిన పిల్లల్ని వెంటనే వెతికి పట్టుకుని వేరుగా ఉంచమన్నాడు, వాటి పన్ను గానీ గోరు గానీ తగిలినవాళ్ళందరూ సూదులు వేయించుకోవాలన్నాడు. మనిషికి ఆ జబ్బు పైకి తేలాక ఇక మందు లేదని ఆయన చెప్పక్కర్లేదు. నాకు తెలుసు.

వెబ్‌సైటు తెరిచాను. మూడు పిల్లలు, మూడింటికీ ఒకటే నంబరు.

వేర్వేరు మనుషుల్ని పంపించి మూడు కుక్కపిల్లల్ని ఒకే మనిషి ఎందుకు తీసుకుంటాడు? అడవి అంచు చేన్లలో చిరుత రాకుండా, వస్తే దూడల జోలికి పోకుండా గట్టు మీద కుక్కను కట్టేస్తారని ఎవరో అనగా విన్నాను. అమ్ముకునేవాళ్ళు ఉంటారని విన్నాను. పిరికివాళ్ళకు ఊహలకు కొదవుండదు. ఆ నంబరుకు ఫోను చేస్తే అవతలి మనిషి హలో అని కూడా అనకుండా, ఇన్‌కమ్ సర్టిఫికెటా, కులం సర్టిఫికెటా అని అడిగాడు.

అది ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర నెట్ సెంటర్. నేను బస్సు దిగేసరికే చిన్నమ్మ అక్కడ ఉంది. ఆ సెంటర్ నడిపే ఆయనది నిండుగా మాట్లాడే స్వభావం, చేతులు కీబోర్డు మీద నుంచి తీయడు. విషయం విన్నాక మాత్రం తీశాడు.

“గిది సర్కారు స్కీమనుకున్నరు మేడం,” అన్నాడు. “గొర్లు ఇచ్చినట్టు, బర్లు ఇచ్చినట్టు, కుక్కపిల్లలు గూడ ఆన్‌లైన్ల ఇస్తున్నరనుకున్నరు. వాళ్ళ ఫోన్ల బ్యాలెన్స్ ఉండది, ఓటీపీ రాకుంటే మళ్ళ ఊరికెళ్ళి రావాలె. గందుకే ఎవరికైనా నా నంబరే కొడుత.”

ఆయన చేసింది తప్పని ఎట్లా అంటాం? పింఛనుకూ అదే నంబరు, రేషన్ కార్డుకూ అదే నంబరు. సగం మండలం ఆయన ఫోనులో ఉంది. తెరమీద బొత్తాం ఎంత పెద్దగా పెట్టినా సరే, ఈ దిక్కున ఆన్‌లైన్ అంటే ఫోనులో నొక్కేది కాదు, నెట్ సెంటర్‌కు పోయి పెట్టించుకునేది. అది నాకు తెలియని సంగతి కూడా కాదు. మా అత్తమ్మ పింఛను కాగితాల్లో ఈనాటికీ ఉన్నది మా వీధి చివరి సెంటర్ నంబరే.

రెండు పిల్లలు ఎల్లారెడ్డిలోనే దొరికాయి. ఆ ఇళ్ళవాళ్ళను ఆయన ముఖాలతో గుర్తుపెట్టుకున్నాడు, దుకాణం మూసి మా వెంట వచ్చి చూపించాడు. వాళ్ళను దవాఖానకు పంపి, కుక్కపిల్లల్ని చిన్నమ్మ తెచ్చుకుంది. మూడోది ఎవరు తీసుకెళ్ళారో ఆయనకూ చిన్నమ్మకూ ఇద్దరికీ గుర్తుంది. ఒక తల్లి, ఆరేడేళ్ళ బిడ్డ. కుక్కపిల్లను తల్లి చేతికి ఇస్తే ఆ బిడ్డ లాక్కుని తన ఓణీలో, ఓణీ అంటే అమ్మ పాత చీర ముక్క, చుట్టుకుందట. ముద్దుపెట్టుకుంటూ పోయిందని చిన్నమ్మ చెప్పింది. చెప్పి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

వాళ్ళది అడవి వైపు ఒక చిన్న పల్లె అని నెట్ సెంటర్ ఆయన దారి చెప్పాడు. వెళ్ళేసరికి ఇంటికి తాళం ఉంది. పక్కింటి అవ్వ ఎండలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. వాళ్ళు చెరుకు కొట్టబోయారని, మద్నూరు అవతల, మహారాష్ట్ర దిక్కున అని చెప్పింది. కుక్కపిల్లను ఏం చేశారని అడిగితే, దాన్ని విడిచిపెట్టి పోతే బిడ్డ బండి ఎక్కనంటే ఎక్కనందని నవ్వింది. తలుపు పక్కన గోడ మీద బొగ్గుతో రాసిన నంబరు ఉంది, అది వాళ్ళను తీసుకుపోయిన మేస్త్రిదట. ఫోను చేస్తే ఆయన సగం మరాఠీలో, సగం మన మాటలో తోట ఎక్కడో చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే కిరాయి కారు మాట్లాడుకుని బయలుదేరాం. నిజాంసాగర్ మీదుగా, పిట్లం మీదుగా. కాలువ నిండా నీళ్ళున్నాయి. మామూలు రోజైతే కారు ఆపించి చూసేదాన్ని. ఆ రోజు నీళ్ళు చూడబుద్ధి కాలేదు. వెనక సీట్లో గాలి కన్నాలు పొడిచిన అట్టపెట్టె, మందపాటి చేతితొడుగులు ఉన్నాయి. వచ్చేటప్పుడు ఆ పెట్టెలో ఏముంటుందో, అది నా వీపుకు ఎంత దగ్గరగా ఉంటుందో అని నేను లెక్కలు వేసుకున్నాను. అదే సమయంలో ఆ బిడ్డ గురించీ భయపడ్డాను. భయాలు ఒకదానికొకటి అడ్డురావు, రెండూ కలిసే వస్తాయి.

చెరుకు ఆకుతో కప్పిన గుడిసెలు వరసగా ఉన్నాయి. పెద్దవాళ్ళంతా తోటలో ఉన్నారు. ఒక గుడిసె ముందు ఆ బిడ్డ కూర్చుని ఉంది, ఒళ్ళో కుక్కపిల్ల. బొద్దుగా, తోక ఊపుతూ, ఏ జబ్బూ ఎరగనట్టు ఉంది. బిడ్డ వేలు దాని నోట్లో ఉంది. అది చప్పరిస్తోంది, మధ్య మధ్య కొరుకుతోంది, బిడ్డ కిలకిలా నవ్వుతోంది. నేను కారు తలుపు పట్టుకుని నిలబడిపోయాను. చిన్నమ్మే పోయి, తొడుగులు వేసుకున్న చేతులతో ఆ పిల్లను మెల్లగా తీసి పెట్టెలో పెట్టింది. బిడ్డ పెట్టిన కేకకు తోటలోంచి తల్లి కొడవలితోనే పరుగెత్తుకొచ్చింది.

మమ్మల్ని చూసి ఆమె కోపం తెచ్చుకోలేదు. భయపడింది. గుడిసెలోకి పోయి ప్లాస్టిక్ కవరు తెచ్చి, అందులోంచి కాగితాలు తీసింది.

“ఏమన్న తప్పుంటే చెప్పుండ్రి మేడం. మాకు తెల్ల కార్డున్నది. పిల్లను మంచిగనే సాదుతున్నం. వాపస్ గుంజుకపోతే నా బిడ్డ బువ్వ తినది.”

అర్హత లేదని తేలి స్కీము వెనక్కి తీసుకోవడానికి వచ్చామనుకుంది. నాకు ఏడుపొచ్చింది. చిన్నమ్మ ఆమె పక్కన నేల మీద కూర్చుంది.

“నేను సర్కారు మనిషిని కాదు బిడ్డ. దీని తల్లి పిచ్చి లేసి సచ్చింది. దీనికి గూడ లోపల ఉన్నదో లేదో ఎవలకు తెల్వది. ముందుగల నీ బిడ్డ చెయ్యి సూపియ్యి.”

చేతినిండా సన్నని పళ్ళ గాట్లు ఉన్నాయి. కొన్ని ఎండినవి, కొన్ని పచ్చివి. వాటిమీద పసుపు, సున్నం పూసి ఉంది. బోరు కింద ఆ చెయ్యి పెట్టించి, సబ్బుతో కడిగించి, తల్లినీ బిడ్డనూ కార్లో ఎక్కించుకుని దవాఖానకు తీసుకుపోయాం. అక్కడ మొదటి సూది వేసి, గాట్ల చుట్టూ వేసే మందు కోసం పెద్ద దవాఖానకు పంపారు. అదీ అయింది. మిగతా సూదులకు ఏ రోజుల్లో రావాలో నర్సు చీటీ రాసి, ఒక్కటి తప్పినా లాభం లేదని తల్లికి రెండుసార్లు చెప్పింది. కుక్కపిల్ల నన్ను తాకకపోయినా నాకూ వేయమని అడిగాను. నర్సు నా ముఖం చూసి నవ్వాపుకుంది, నాకు అవసరం లేదంది. చిన్నమ్మకు వేసింది.

తల్లీబిడ్డలను గుడిసెల దగ్గర దింపాక, తిరుగు ప్రయాణంలో పెట్టెలోంచి గీకుడు వినబడుతూనే ఉంది. నేను ముందు సీట్లో వంగి, వీపు సీటుకు తగలకుండా కూర్చున్నాను.

తర్వాతి రోజులు ఎట్లా గడిచాయో చెప్పలేను. మూడు పిల్లల్నీ చిన్నమ్మ పెరట్లో మూడు జాలీ గదుల్లో ఉంచింది. ఆ బిడ్డ బెంగపడి తిండి మానేసిందని మేస్త్రి చెబితే, చిన్నమ్మ రోజూ కుక్కపిల్లను వీడియో తీసి ఆయన ఫోనుకు పంపేది. పిల్ల గెంతులు వేసేది, గిన్నె నాకేది. అవే వీడియోలు నాకూ వచ్చేవి. నేను వాటిని చూసేటప్పుడు గెంతులు కాదు, నీళ్ళ గిన్నె దగ్గరికి పోతోందా లేదా అని చూసేదాన్ని. పోయేది. తాగేది. నాకు ఆ పూటకు అన్నం సహించేది. సూదులు వేయించారా అని మేస్త్రిని అడిగితే వేయించారన్నాడు. ఇంకోసారి అడిగితే అవునన్నాడు. ఆ తర్వాత వాళ్ళు వేరే తోటకు మారారు, ఫోను కలవడం మానేసింది.

ఒక రోజు వీడియో రాలేదు. సాయంత్రం చిన్నమ్మ ఫోను చేసి, ఆ బిడ్డ కుక్కపిల్ల మూలకు దూరి బయటికి రావడం లేదని చెప్పింది. మర్నాడు దాని అరుపు మారింది. ఆ మర్నాడు చచ్చిపోయింది. మిగతా రెండూ బాగానే ఉన్నాయి, ఇదొక్కటే. చిన్నమ్మ ఏడుస్తోంది. నాకు ఏడవడానికి కూడా తీరిక లేకపోయింది. మేస్త్రి నంబరు నొక్కుతూనే ఉన్నాను, స్విచ్చాఫ్ అని చెబుతూనే ఉంది. మద్నూరు దాకా మళ్ళీ పోదామంటే ఇప్పుడు ఏ తోటలో ఉన్నారో ఎవరికి తెలుసు? ఆ అవ్వకు కబురు పంపాం. ఆమెకూ తెలియదు.

మరుసటి రోజు మధ్యాహ్నం నా ఫోను మోగింది. మేస్త్రి నంబరు. తీయడానికి భయమేసింది. ఆ బిడ్డకు జ్వరమనీ, నీళ్ళు తాగడం లేదనీ చెబుతాడేమో అనుకున్నాను. తీశాను.

“అక్కా, నా పిల్ల ఏం జేస్తుంది? వీడియో పంపుతలేరు.”

బిడ్డ గొంతు. చలాకీగా ఉంది. నా ఒళ్ళంతా తేలికైంది, కుర్చీలో కూలబడ్డాను. పడుకుంది అని చెబుదామనుకున్నాను. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆరేడేళ్ళ పిల్లతో, ఫోనులో, చావు మాట ఎందుకు? చిన్నమ్మ ఎప్పుడో మెల్లగా చెప్పుకుంటుంది. ఊరికే మాట మార్చడానికి, సూదులన్నీ అయిపోయాయా అని అడిగాను.

“ఇంక ఉన్నయట. అమ్మ వద్దన్నది. కుక్కపిల్ల మంచిగనే ఉన్నది గద, వీడియోల ఆడుతుంది గద, పని ఇడిసిపెట్టి ఎందుకు పోవుడు అన్నది.”

వెనకాల చెరుకు నరికే చప్పుడు వినబడుతోంది. పడుకుంది అన్న మాటను మింగేశాను.

“నీ పిల్ల సచ్చిపోయింది బిడ్డా. దాని తల్లికి వచ్చిన జబ్బే వచ్చింది.”

ఫోను కట్టయిందేమోనని చెవి నుంచి తీసి చూశాను. కాలేదు. మళ్ళీ చెవికి పెట్టుకున్నాను.

“మరి నేను?” అంది.

నువ్వు బతుకుతావు అన్నాను. సూదులన్నీ వేయించుకుంటే ఏమీ కాదన్నాను, ఫోను అమ్మకు ఇవ్వమన్నాను. బిడ్డ అమ్మా అని పిలవడం వినబడింది. తల్లి వచ్చి, ఏంది మేడం అంది. పిల్ల చచ్చిపోయిందనీ, ఇవాళే, ఇప్పుడే దవాఖానకు పోవాలనీ చెప్పాను. కొడవలి రాళ్ళ మీద పడిన చప్పుడైంది. ఫోను ఆపడం మరిచిపోయింది. ఆమె పరుగెత్తుతున్న ఆయాసం, భుజం మీద బిడ్డ నా పిల్ల, నా పిల్ల అని ఏడుస్తున్న ఏడుపు, రోడ్డు మీద ఎవరినో బండి ఆపమంటున్న కేక, అన్నీ వినబడ్డాయి. ఆ బండి ఆగేదాకా నేను ఫోను చెవి నుంచి తీయలేదు.